జాగ్రత్త: 'పంపు కొత్తది వేయించాం' అన్న పాత డీజిల్ పికప్‌కు వెంటనే అడ్వాన్సు ఇవ్వకండి

హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ కామన్‌రైల్ పికప్ బేరమాడుతున్న అన్నలకు ఈ హెచ్చరిక. కామన్‌రైల్ అంటే, హైప్రెషర్ పంపు తోసిన డీజిల్‌ను 'రైలు' అనే ఒకే గొట్టంలో ఉంచి, అన్ని ఇంజెక్టర్లకూ పంచే పద్ధతి. "మొన్ననే పంపు మార్చాం, ఇక ఢోకా లేదు" అని అమ్మేవాళ్లు ఆ హైప్రెషర్ పంపు గురించి చెబితే, పంపుతో పాటు ఇంకేం మార్చారో బిల్లు అడగండి. ట్యాంకు దింపి కడిగారా? ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) టెస్ట్ బెంచ్ మీద పెట్టి పరీక్షించారా? జవాబు లేకపోతే ఆ కొత్త పంపే మీ కొంప ముంచుతుంది.

ఈ హైప్రెషర్ పంపుల్లో చాలావాటికి వేరే ఆయిల్ ఉండదు. లోపల కదిలే ప్లంజరు, రోలరు, క్యామ్ అన్నీ డీజిల్ తడితోనే తిరగాలి. డీజిల్‌లో కిరోసిన్ కలిసినా, వానాకాలం ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదలకపోయినా ఆ జారుడు పోయి ఇనుము ఇనుమును గీరుతుంది. రాలిన రజను రైలుకు, ఇంజెక్టర్లకు పాకి, రిటర్న్ పైపులో ట్యాంకు దాకా చేరుతుంది. పంపు ఒక్కటే మారిస్తే ఆ రజనంతా అలాగే ఉంటుంది. ఒక్క ఇంజెక్టర్ తెరుచుకుని ఇరుక్కున్నా డీజిల్ ధారగా కారి పిస్టన్‌కు చిల్లు పడొచ్చు.

పట్టుకోవడం కష్టమేం కాదు. ఇంజిన్ చల్లారాక, మీ మెకానిక్‌తో పంపు మీది మీటరింగ్ వాల్వు (పంపులోకి ఎంత డీజిల్ వెళ్లాలో అదుపు చేసేది) విప్పించండి. దాని మూతిని తెల్ల బట్టతో తుడిచి, బట్టను ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. వెండి పొడిలా సన్నగా తళుక్కుమంటే ఆ బండి వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే. అయస్కాంతానికి అంటలేదని ధీమా పడొద్దు, అల్యూమినియం రజను దానికి అంటదు.

ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టినప్పుడు 'కోడ్లు లేవు' అన్న మాటతో సరిపెట్టుకోకండి. కోడ్లు చెరిపి ఎన్ని కిలోమీటర్లైందో కూడా చాలా బండ్లలో అందులోనే కనిపిస్తుంది. అక్కడ 10, 15 అని ఉంటే, మీరు వస్తున్నారనే చెరిపారని అనుమానించాలి. పీ 0087 అన్న కోడ్ కనిపిస్తే, రైలు గొట్టంలో ప్రెషర్ చాలడం లేదని.

అరిగిన పంపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది. వేడెక్కి డీజిల్ పలచబడితే బయటపడుతుంది. అందుకే లోడు వేసుకుని ఆటోనగర్ నుంచి పెద్ద అంబర్‌పేట దాకా వెళ్లి రండి. ఎత్తు ఎక్కేటప్పుడు, ఇంజిన్ కంప్యూటర్ అడిగిన ప్రెషర్ కంటే రైల్లో నిజంగా వచ్చే ప్రెషర్ ఎంత వెనకబడుతోందో స్కానర్లో చూడండి. తిరిగొచ్చి ఇంజిన్ ఆపి, 10 నిమిషాలాగి సెల్ఫ్ కొట్టండి. చాలాసేపు కొడితేగానీ అందుకోకపోతే లోపం పంపులోనో ఇంజెక్టర్ల లీకులోనో ఉండొచ్చు. ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు తలా ఒక సీసా కట్టి, వచ్చిన డీజిల్ కొలిస్తే ఆ రెండింట్లో ఏదన్నది తేలిపోతుంది.

ఇప్పటికే కొన్నవాళ్లు పంపు మార్చాల్సి వస్తే, డీజిల్ పైపుల్లోని ఎయిర్ తీయకుండా సెల్ఫ్ కొట్టనివ్వకండి. డీజిల్ ఎక్కించే చేతి పంపును గట్టిపడేదాకా నొక్కాలి, పొడిగా తిరిగితే కొత్త పంపు మొదటి రోజే గీసుకుపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా హైప్రెషర్ పైపు నట్టు ఎవరినీ వదులు చేయనివ్వొద్దు. 1,600 బార్ దాకా పోయే ఆ డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆస్పత్రికి పోవాలి.