పోస్టులో బేస్‌బాల్ కార్డుల ట్రేడింగ్, ఏళ్ల తరబడి చేశాక నా రివ్యూ: అన్నీ ఓకే, ఆ టేపు తప్ప

టాప్‌లోడర్ (కార్డు దూర్చి పెట్టే గట్టి ప్లాస్టిక్ తొడుగు) మూతికి ట్రాన్స్‌పరెంట్ ప్యాకింగ్ టేపు అంటించి కార్డు పంపేవాళ్లంటే నాకు పీకల్దాకా కోపం, ఈ రివ్యూ రాయడానికి సగం కారణం అదే. మిగతా సగం ఏంటంటే, ఆ టేపుని భరిస్తూ కూడా ఇన్నేళ్లుగా ఈ ట్రేడింగ్ ఎందుకు మానలేదని మా ఆవిడ అడుగుతుంటే సరైన జవాబు చెప్పలేకపోతున్నా, ఇక్కడ రాస్తే అన్నా తేలుద్దేమో చూద్దాం.

నేనుండేది పిట్స్‌బర్గ్ దగ్గర. వచ్చిన కొత్తలో వీకెండ్ అంటే పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి, దర్శనం, పులిహోర, ఇంటికి రావడం, అంతే. బేస్‌బాల్ ఆఫీసువాళ్లు పట్టుకెళ్తే చూడటం మొదలైంది, క్రికెట్ పిచ్చి ఉన్నోడికి అది ఎక్కడానికి ఎక్కువ కాలం పట్టదు లెండి. ఈ ఊళ్లో ఉంటూ 1971 గురించి వినకుండా ఉండటం కుదరదు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో మా ఊరి టీమ్ పైరేట్స్ బాల్టిమోర్ ఓరియోల్స్‌ని ఏడో మ్యాచ్‌లో ఓడించారు, మా రాబర్టో క్లెమెంటే ఎంవీపీ (సిరీస్‌లో బెస్ట్ ఆటగాడు). మేజర్ లీగ్‌లో మొదటిసారి తొమ్మిదికి తొమ్మిది మందీ నల్లజాతి, లాటినో ఆటగాళ్లే ఉన్న లైనప్‌ని దించింది కూడా వీళ్లే, అదే ఏడాది సెప్టెంబర్ 1న. అందుకని కార్డుల పిచ్చి పట్టినప్పుడు నేరుగా టాప్స్ కంపెనీ 1971లో వేసిన ఆటగాళ్ల బొమ్మల కార్డుల సెట్టే పట్టుకున్నా. 752 కార్డులు, నల్ల బోర్డరు.

ఆ నల్ల బోర్డరు ఎంత నరకమో ఈ సెట్టు కడుతున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. గోరు తగిలినా, బైండర్ పేజీలోకి కొంచెం వంకరగా తోసినా అంచున తెల్ల చుక్క తేలిపోద్ది. వేరే ఏడాది కార్డు మీదైతే కనపడను కూడా కనపడని దెబ్బ దీని మీద ఆమడ దూరం నుంచి కనపడుద్ది. ఆ తెల్ల చుక్కల మీద నల్ల మార్కర్ రుద్ది మంచి కండిషన్ అని అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు, అందుకే కార్డు చేతికి రాగానే లైటు కింద ఏటవాలుగా పట్టుకుని బోర్డరంతా ఒకే మెరుపు ఉందా, పక్క నుంచి చూస్తే అట్ట అంచులోకి ఇంకు దిగిందా అని చూడటం నాకు అలవాటైపోయింది. డబ్బు పెట్టి కొన్నవాటిలో అలాంటివి తగిలాయి. ట్రేడింగ్‌లో మాత్రం ఒక్కటి కూడా తగల్లేదు, పంపేవాడే ముందుగా "మూల మెత్తబడింది, వెనక పెన్ను గీత ఉంది, పర్లేదా" అని రాసేస్తాడు.

నాకు ఈ ట్రేడింగ్‌లో అన్నిటికంటే నచ్చింది లెక్క లేకపోవడం. బెకెట్ ధరల పుస్తకం ముందేసుకుని నాది ఆరు డాలర్లు, నీది నాలుగు, ఇంకో రెండు డాలర్ల సరుకు వెయ్యి అని తూచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నేను వాళ్ల జోలికి పోను. నాకు లేని నంబర్ల లిస్టు నేను పంపుతా, అవతలాయన ఆయన లిస్టు పంపుతాడు, ఎవరి దగ్గర ఏముంటే అవి కవర్లో పడతాయి. మన ఊళ్లల్లో పక్కింటోళ్లు కూర పంపిన గిన్నెని ఖాళీగా వెనక్కివ్వరు చూడండి, కనీసం నాలుగు పచ్చిమిరపకాయలన్నా వేసిస్తారు, ఇదీ అచ్చం అంతే. ఒకసారి నేను అడిగింది సెకండ్ సిరీస్ (ఈ సెట్టుని విడతలుగా వదిలారు, అందులో రెండోది) కామన్స్, అంటే పెద్ద పేరు లేని ఆటగాళ్ల మామూలు కార్డులు, ఒక పిడికెడు, వచ్చిన కవర్లో అవీ ఉన్నాయి, వాటి వెనక 1987 టాప్స్ చెక్క బోర్డరు బ్యారీ బాండ్స్ కార్డు, నంబర్ 320, బాండ్స్ ఇంకా సన్నగా పైరేట్స్ డ్రెస్సులో ఉన్నప్పటిది. దాని మీద చిన్న చీటీ, "నువ్వు పిట్స్‌బర్గ్ కదా" అని. ఆ కార్డులు గుట్టలు గుట్టలుగా అచ్చేశారు, పెద్ద రేటేం రాదు, కానీ అవతల ఒక మనిషి డబ్బాలు వెతికి నాకోసం తీసి పెట్టాడు కదా, అదీ మజా.

మొన్నామధ్య ఇండియా నుంచి మా బావమరిది వచ్చి బైండర్లన్నీ తిరగేసి "బావా, ఇవన్నీ అమ్మితే ఎంతొస్తది" అన్నాడు. పాపం వాడిని అని లాభం లేదు, వాడి దాకా వచ్చే కార్డుల వార్తలన్నీ 1952 టాప్స్ మికీ మాంటిల్ 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది, మా పైరేట్స్ పిచ్చర్ పాల్ స్కీన్స్ కార్డు 2025లో 11 లక్షల డాలర్లు దాటింది, ఇలాంటివే. స్కీన్స్ కార్డు దొరికింది 11 ఏళ్ల పిల్లాడికి, అది మాకిస్తే 30 ఏళ్ల పాటు సీజన్ టికెట్లు ఇస్తామని పైరేట్స్ వాళ్లే ఆఫర్ పెట్టారు, ఆ ఇంట్లోవాళ్లు వద్దని వేలానికి పెట్టారు (నేనైనా అదే చేసేవాణ్ణి, మా టీమ్ ఆట 30 ఏళ్లు వరసగా చూడాలంటే గుండె ధైర్యం కావాలి). నా బైండర్లో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం డాలరు, రెండు డాలర్ల సరుకేరా అంటే వాడి మొహం వాడిపోయింది. "మరెందుకు బావా ఇదంతా" అన్నాడు. బిగ్ ఫన్ బబుల్ గమ్‌లో వచ్చే క్రికెట్ బొమ్మలకోసం నువ్వు స్కూల్లో ఎందుకు కొట్టుకున్నావురా అన్నా, ఇంక ఆ టాపిక్ ఎత్తలేదు.

ఖర్చు గురించి చెప్పాలంటే, మామూలు తెల్ల కవరు, ఒక స్టాంపు. స్టాంపు 2024 జులైలో 73 సెంట్లయింది, 2025 జులైలో 78 చేశారు, అయినా బబుల్ మెయిలర్లో (లోపల బుడగల ప్లాస్టిక్ ఉండే కవరు) పార్సెల్‌గా పంపడంతో పోలిస్తే ఏ మూలకి, దానికి డాలర్లకి డాలర్లు వదులుద్ది. తొమ్మిది అరల బైండర్ పేజీలోంచి ఒక వరస కత్తిరించి, ఆ మూడు అరల్లో కార్డులు దూర్చి, మడిచి, రెండు పక్కలా పల్చటి అట్ట పెడితే కవరు పావు అంగుళం మందం లోపే ఉంటది, మెషీన్లో వంగుద్ది కూడా. కొత్తలో ఈ తెల్ల కవరుని తెగ పొగిడేవాణ్ణి, పార్సెల్ కట్టేవాళ్లని చూసి డబ్బులు ఎక్కువైనట్టున్నాయి అనుకునేవాణ్ణి. ఇప్పుడు కామన్స్‌కైతే బానే ఉంటది అంటా, అంతవరకే. ట్రాకింగ్ ఉండదు, టాప్‌లోడర్ పెడితే కవరు బిగుసుకుపోయి మెషీన్‌కి పడదని ఎక్స్‌ట్రా కట్టాలి, పెట్టకపోతే మూలల మీద ఆశ వదులుకోవాలి. నంబర్ 600 విల్లీ మేస్, నంబర్ 630 క్లెమెంటే లాంటివి తెల్ల కవర్లో నేను పంపను, ఎవరన్నా పంపుతానన్నా వద్దంటా.

ఇక టేపు దగ్గరికి వస్తా. నాకు చాలాకాలం దొరకని కార్డు నంబర్ 5, థర్మన్ మన్సన్. యాంకీస్ క్యాచర్, ముందు ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్ (బెస్ట్ కొత్త ఆటగాడు), అందుకని కార్డు మీద రూకీ కప్పు బొమ్మ ఉంటది. హోమ్ ప్లేట్ దగ్గర దుమ్ము లేస్తుంటే రన్నర్‌ని ట్యాగ్ చేస్తున్న ఫోటో, అడ్డంగా ఉంటది, ఈ సెట్టు మొత్తంలో నాకు ఇదే అందమైన కార్డు. మన్సన్ 1979లో విమాన ప్రమాదంలో పోయాడు. క్లెమెంటే కూడా 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తుంటే విమానం కూలే పోయాడు. ఈ రెండు కార్డులూ మంచి కండిషన్‌లో ఉండాలని నాకో పట్టుదల, మిగతావి ఎలా ఉన్నా పర్లేదు.

మిడ్‌వెస్ట్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, నాతో ట్రేడ్ చేసేవాళ్లందరిలోకీ ఉదారంగా ఇచ్చేది ఆయనే. తన దగ్గర మన్సన్ డబుల్ (అదే కార్డు రెండోది) ఉందన్నాడు, ఫోటో పెట్టాడు, నాలుగు అంచులూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. నేను ఆయన అడిగిన డెట్రాయిట్ టైగర్స్ కార్డులు ఒక కట్ట పంపా. మాంచి ఎండల్లో వచ్చింది ప్యాకెట్టు. బబుల్ మెయిలర్, లోపల అట్ట, అట్టల మధ్య టాప్‌లోడర్, ఇక్కడి దాకా పదికి పది. తీసి చూస్తే టాప్‌లోడర్ మూతి మీదుగా వెడల్పాటి ప్యాకింగ్ టేపు, ముందు నుంచి వెనక్కి తిప్పి, గాలి కూడా దూరకుండా. లోపల పెన్నీ స్లీవ్ (కార్డుకి వేసే పల్చటి ప్లాస్టిక్ తొడుగు) లేదు. టాప్‌లోడర్లో కార్డు పైన కాస్త ఖాళీ ఉంటది కదా, దారిలో కదిలి కదిలి కార్డు పైకి జరిగింది, మూతి దగ్గర టేపు జిగురుకి ఆనింది, మెయిల్ బాక్స్ వేడికి ఆ జిగురు కారి అంచుని పట్టేసుకుంది. కార్డు అడ్డంగా ఉండేది కాబట్టి పట్టుకుంది బొమ్మకి పక్కవైపు అంచుని.

టేపు లాగితే పోద్దని తెలుసు, అందుకని అటు ముట్టుకోకుండా టాప్‌లోడర్ రెండు పక్కలా కత్తెరతో చీల్చి, ప్లాస్టిక్ పైకి విప్పి, జిగురు పట్టిన చోట మాత్రం బ్లేడుతో వెంట్రుక మందాన కోసుకుంటూ వచ్చా. మా ఆవిడ టీ పెట్టి పిలిచింది, పలకలేదు, చల్లారిపోయింది. అంతా చేస్తే చివరికి గోరంత నల్ల ఇంకు టేపుతో వెళ్లిపోయింది, కింద తెల్ల అట్ట బయటపడింది. యాభై ఏళ్ల పైన ఎవరెవరి చేతుల్లోనో, ఎవరి అటకల మీదో చెక్కు చెదరకుండా ఉన్న అంచు, ఒక వారం టేపుతో కాపురం చేసేసరికి ఊడింది. ఒళ్లు మండిపోయింది.

పెద్దాయనకి ఈమెయిల్ రాశా, కోపం లేకుండా రాయడానికి చాలాసేపు పట్టింది. ఆయన వెంటనే సారీ చెప్పాడు, నిజంగా బాధపడ్డాడు, చివర్లో మాత్రం ఒక మాటన్నాడు: నేను ఎన్నో ఏళ్లుగా ఇలాగే పంపుతున్నా, ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదే అని. ఎవరంటారండీ? ఉచితంగా ఇచ్చినట్టే ఇస్తున్నాడు, అడిగినదానికి రెట్టింపు వేస్తున్నాడు, అలాంటి మనిషికి "నీ టేపు బాలేదు" అని ఎవడు రాస్తాడు? నాకూ అంతకుముందు ఆయన టేపు ప్యాకెట్లు ఎన్నో వచ్చాయి, థాంక్స్ అని ఊరుకున్నా, కామన్సే కదా అని. డబ్బు పెట్టి కొన్న కార్డైతే ఫోటో తీసి రిఫండ్ అడుగుతాం, అమ్మేవాడు మర్నాటి నుంచి జాగ్రత్త పడతాడు. ఇక్కడ అంతా మొహమాటం మీద నడుస్తది. లెక్క లేదని పైన నేను మురిసిపోయానే, ఆ లెక్క లేకపోవడమే ఈ టేపుని ఇన్నేళ్లు బతికించింది.

ఆయనకి పద్ధతి వివరంగా రాశా: ముందు పెన్నీ స్లీవ్, తర్వాత టాప్‌లోడర్, ఆ రెండూ కలిపి టీమ్ బ్యాగ్‌లో (మూత అంటించుకునే చిన్న ప్లాస్టిక్ సంచి) పెడితే టేపు అవసరమే రాదు. టీమ్ బ్యాగ్ లేకపోతే గోడలకి రంగులేసేవాళ్లు వాడే నీలం టేపు, చివర కొంచెం మడిచి పెడితే లాగడానికి పట్టు దొరుకుద్ది, జిగురు మిగలదు. సరే సరే అన్నాడు. తర్వాతి ప్యాకెట్టులో నీలం టేపు వేశాడు, భలే అనుకున్నా, చూస్తే ఊడిపోద్దేమోనని దాని మీద మళ్లీ ప్యాకింగ్ టేపు వేశాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇప్పుడు ఆయనకి కార్డులు పంపినప్పుడల్లా నాలుగైదు ఖాళీ టీమ్ బ్యాగులు కూడా వేస్తున్నా, వాటిలోనే తిరిగొస్తున్నాయి, గొడవ తగ్గింది. ఆ మన్సన్ మాత్రం బైండర్లోనే ఉంది, తెల్ల మచ్చతో, మంచిది ఇంకోటి కొందామని చూస్తే రేటు చూసి వెనక్కి తగ్గుతున్నా.

మరి మీరు చేయొచ్చా అంటే, మీ పరిస్థితిని బట్టి. గ్రేడింగ్‌కి (కార్డు కండిషన్‌కి మార్కులేసే కంపెనీలకి) పంపి లాభాలు చూసుకునేవాళ్లకి ఇది వద్దే వద్దు. బైండర్లో నంబర్లు నింపుకోవడమే సరదా అయితే, అమెరికాలో అడ్రస్ ఉంటే, మొదటి ఐదు సిరీస్‌ల దాకా దీన్ని మించింది లేదంటా. 644 నుంచి 752 వరకు ఉన్న ఆఖరి సిరీస్ దగ్గర మాత్రం బండి ఆగిపోద్ది, అవి అప్పట్లోనే తక్కువ దొరికాయి, డబుల్స్ ఉన్నోళ్లు తక్కువ, ఉన్నోళ్లు ఒక్క కార్డుకి బోలెడన్ని కామన్స్ అడుగుతారు, అందులో అన్యాయం కూడా లేదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చేద్దామనుకునేవాళ్లకి చెప్పేదేంటంటే, ఇక్కడి నుంచి బయటి దేశాలకి ఉత్తరం కవర్లో కాగితాలే తప్ప వస్తువులు పంపనివ్వరు, కస్టమ్స్ ఫారం నింపి చిన్న పార్సెల్‌గా పంపాలి, కామన్స్‌కి ఆ ఖర్చు గిట్టదు. వచ్చేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల సూట్‌కేసులో పెట్టించుకోవడం నయం. నాకైతే ఐదుకి నాలుగు, ఆ ఆఖరి సిరీస్ హై నంబర్లు ఇంకో రెండేళ్లు ఇలాగే దొరక్కపోతే మూడున్నర చేస్తానేమో.