ఫ్యాషన్ మేనేజ్‌మెంట్, కమ్యూనికేషన్ చదువు: కొన్నేళ్లు ఉద్యోగం చేశాక నా సమీక్ష

ఈ కోర్సు మీద దొరికే రివ్యూలు చాలావరకు చదువుతూ ఉండగానే రాసినవి. క్యాంపస్ ఎలా ఉంది, ఫ్యాషన్ షో ఎలా జరిగింది, హాస్టల్ తిండి ఎలా ఉంది అని. చేరబోయేవాళ్లకు అవీ కావాలి. నేను మాత్రం ఆ చదువును ఏడెనిమిదేళ్లుగా ఉద్యోగంలో వాడుతూ రాస్తున్నాను. హైదరాబాద్‌లో రెండేళ్ల పీజీ చేశాను. ఆ తర్వాత చీరలు, కుర్తాలు అమ్మే రిటైల్ కంపెనీల్లో మర్చండైజింగ్, ప్లానింగ్ పని చూస్తున్నాను. నాకు అన్నం పెడుతున్నది ఆ కోర్సులో నేర్పిన లెక్కలు. ఆ లెక్కల వెనక ఉన్న బట్టను, మనిషిని చూడటం నేర్పింది రాత క్లాసులు. మన మార్కెట్ గురించి మాత్రం కోర్సు నేర్పింది తక్కువ.

చాలామంది దీన్ని కుట్టుపని చదువనుకుంటారు కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను. బట్టను గీసేవాళ్లు డిజైన్ చదువుతారు. ఫ్యాక్టరీలో తయారు చేయించేవాళ్లు అపారెల్ టెక్నాలజీ చదువుతారు. ఏ రకం ఎన్ని ముక్కలు తెప్పించాలి, ఏ ధరకు పెట్టాలి, ఏ ఊరి షాపుకు ఎన్ని పంపాలి, దాని గురించి జనానికి ఏం చెప్పాలి అన్నవి మా సబ్జెక్టులు. మన దేశంలో ఈ రంగం అనగానే వినిపించే పేరు నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ). కేంద్ర జౌళి శాఖ కింద 1986లో ఢిల్లీలో మొదలైంది, 2006 చట్టంతో సొంతంగా డిగ్రీలు ఇచ్చే హక్కు వచ్చింది. మాదాపూర్‌లోని హైదరాబాద్ క్యాంపస్ 1995 నాటిది. నిఫ్ట్‌లో కమ్యూనికేషన్ నాలుగేళ్ల బ్యాచిలర్ కోర్సు, మేనేజ్‌మెంట్ రెండేళ్ల పీజీ, రెండూ వేర్వేరు. కొన్ని ప్రైవేటు యూనివర్సిటీల్లో, బ్రిటన్‌లోని కొన్ని యూనివర్సిటీల్లో రెండింటినీ కలిపి ఒకే డిగ్రీగా ఇస్తారు. నేను చదివింది అలా కలిపిన కోర్సే.

లెక్కల సంగతికి వస్తాను. మొదటి సెమిస్టర్‌లోనే రిటైల్ మ్యాథ్స్ ఉంటుంది. 600 రూపాయలకు కొన్న కుర్తాను 1,000కి అమ్మితే మిగిలేది 400. కొన్న ధర మీద చూస్తే అది 66 శాతం పైనే, అమ్మిన ధర మీద చూస్తే 40 శాతం. మొదటిది మార్కప్, రెండోది మార్జిన్. పదో తరగతి లెక్కే. కానీ సప్లయర్ ఒకటి మాట్లాడుతుంటే, మన మేనేజర్ రెండోది మాట్లాడుతుంటే, అరవై వేల ముక్కల ఆర్డర్ మీద ఆ తేడా ఎంతవుతుందో ఆలోచించండి. ఆ పైన సెల్-త్రూ, అంటే పంపిన సరుకులో ఎంత శాతం అమ్ముడుపోయిందన్న లెక్క. షాపుకు 200 ముక్కలు పంపితే రెండు నెలల్లో 150 అమ్ముడుపోయాయి, అంటే 75 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. సైజులవారీగా విడదీస్తే అసలు కథ బయటపడుతుంది. ఎల్, ఎక్స్‌ఎల్ రెండో వారంలోనే అయిపోయి ఉంటాయి. మిగిలిన యాభైలో ఎక్కువ భాగం ఎస్ సైజే ఉంటుంది. ఎల్ అడిగి వెనక్కి వెళ్లిపోయిన కస్టమర్లు ఏ రిపోర్టులోనూ కనిపించరు. ఇలా విడదీసి చూసే అలవాటు నాకు క్లాసులోనే వచ్చింది. రోజూ పనికొస్తోంది.

పన్ను లెక్కా అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ బట్టల మీద జీఎస్టీ గీత మారింది. అమ్మకం విలువ ముక్కకు 2,500 రూపాయల వరకు ఉంటే 5 శాతం, దాటితే 18 శాతం. అంతకుముందు ఆ గీత 1,000 దగ్గర ఉండేది, దాటితే 12 శాతం. అది మారగానే పెళ్లిళ్ల కలెక్షన్ ధరలన్నీ మళ్లీ మొదటి నుంచి చూడాల్సి వచ్చింది. గీతకు కాస్త పైన ఉన్న రకానికి లైనింగ్ మార్చాలా, దుపట్టా విడిగా అమ్మాలా, మార్జిన్ తగ్గించుకోవాలా అని మీటింగుల మీద మీటింగులు. మేం చదివినప్పుడు ఈ రూల్ లేదు. అయినా ఏది తగ్గిస్తే ఏది పెరుగుతుందో లెక్క కట్టే పద్ధతి చేతిలో ఉంది కాబట్టి టెన్షన్ పడలేదు.

కోర్సులో నాకు కనిపించిన పెద్ద లోటు క్యాలెండర్. పుస్తకాల్లో ఏడాదికి రెండు సీజన్లు: స్ప్రింగ్-సమ్మర్, ఆటమ్-వింటర్. కరీంనగర్‌లో, రాజమండ్రిలో బట్టలు ఆ లెక్కన అమ్ముడుపోవు. ఆషాఢంలో డిస్కౌంట్లు, శ్రావణంలో వ్రతాల చీరలు, దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది, మధ్యలో పెళ్లి ముహూర్తాలు. మూఢం వచ్చిందంటే పట్టుచీరల కౌంటర్ ఖాళీ. 2023 సంగతే చూడండి. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది, జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. అంతకుముందు ఏడాది వ్రతం ఆగస్టు మొదటి సగంలోనే అయిపోయింది. పోయినేడు ఇదే వారంలో ఎంత అమ్మామో చూసి ఈ ఏడు సరుకు వేసే ఎక్సెల్ షీటుకు ఈ తేడా తెలియదు. మా టీమ్‌లో సీనియర్ ప్లానర్ ఒకాయన ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పక్కన పంచాంగం తెరిచి పెట్టుకుని, ప్రతి వారం అంకెలనూ తిథుల ప్రకారం ముందుకు జరిపి రాశారు. ఆగస్టు మొదట్లో రావాల్సిన సరుకును నెల మధ్యకు జరిపించారు. ఆ మధ్యాహ్నం నేర్చుకున్నంత ప్లానింగ్ నేను ఒక సెమిస్టర్‌లోనూ నేర్చుకోలేదు. ఇది సిలబస్‌లో ఎందుకు ఉండకూడదు? తెలుగు రాష్ట్రాల్లో ఈ కోర్సు చెప్పే ప్రతి చోటా ఉండాలి.

కమ్యూనికేషన్ వైపు నాకు బాగా మిగిలింది పోచంపల్లి ప్రాజెక్టు. నేతపనివాళ్లతో కూర్చుని ఒక చీర గురించి రాయాలి. మా మేడమ్ ఒకటే రూల్ పెట్టారు: వేరే ఏ చీరకైనా అతికే మాట ఉంటే కొట్టేయాలి. అందమైన, సంప్రదాయ, రాజసం ఉట్టిపడే లాంటివన్నీ మొదటి చిత్తుప్రతిలోనే పోయాయి. అప్పుడు పని చూడక తప్పలేదు. నేయడానికి ముందే నూలుకు రంగు పడుతుంది. రంగు తగలకూడని చోట సైకిల్ ట్యూబ్ రబ్బరు పేలికలు బిగించి కడతారు, ముంచుతారు, విప్పుతారు, మళ్లీ వేరే చోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఇలా రంగులద్దిన నూలుతో నేసేదే ఇకత్. డబుల్ ఇకత్ అయితే పడుగుకూ (నిలువు దారం) పేకకూ (అడ్డ దారం) కూడా ఇలా కట్టాలి. దానికి ముందు ఆసు పోయడం అనే పని ఉంటుంది. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. ఇళ్లలో ఆడవాళ్ల భుజాలు దానితోనే అరిగిపోయేవి. వాళ్లమ్మ పడే ఆ నొప్పి చూసే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇవి రాస్తే చాలు, పొగడ్తలు అక్కర్లేదు.

అక్కడ నేర్చుకున్నదే నేను ఇప్పుడు ఆన్‌లైన్ కేటలాగ్‌లు చూసేటప్పుడు పట్టుకుని ఉంటాను. నేసిన ఇకత్‌లో డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి, తిప్పి చూసినా అదే డిజైన్ కనిపిస్తుంది. ప్రింట్ అయితే వెనక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. ప్రింట్ బట్ట అమ్మడంలో తప్పేమీ లేదు. పేరు దగ్గర ప్రింట్ అని రాయకపోవడం తప్పు. ఆ ఒక్క మాట కోసం నేను మార్కెటింగ్ వాళ్లతో వాదిస్తాను, ఇక ముందూ వాదిస్తాను.

మిగతా కమ్యూనికేషన్ పేపర్లలో చాలా పాతబడిపోయాయి. నెలల తరబడి చేసిన మ్యాగజైన్ లేఅవుట్లు ఇప్పుడెవరూ అడగరు. సాఫ్ట్‌వేర్ వెర్షన్లు మారిపోయాయి. పారిస్, మిలాన్ ట్రెండ్‌ల మీద ఫొటోలు, రంగులు అతికించి వేసిన మూడ్ బోర్డులు పోర్ట్‌ఫోలియోలో నిండుగా కనిపించాయి, అంతే. పాతబడనిది రానా ప్లాజా పాఠం. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో గార్మెంట్ ఫ్యాక్టరీలున్న ఆ భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే పగుళ్లు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు, షాపులు మూసేశారు. గార్మెంట్ కార్మికులను మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు. ఆర్డర్ ఇచ్చాక బటన్ రంగు మార్చమని, డెలివరీ తేదీ మాత్రం అదే ఉంచమని అడిగే మెయిల్ రాయాల్సి వస్తే నాకు ఆ క్లాసు గుర్తొస్తుంది. ఆ ఒత్తిడి చివరికి పడేది కుట్టేవాళ్ల మీదే కాబట్టి తేదీ కూడా జరపమని పట్టుబడతాను.

ఖర్చు గురించి దాపరికం లేకుండా చెప్పాలి. ప్రభుత్వ సంస్థలోనైనా, ప్రైవేటులోనైనా మొత్తం ఫీజు లక్షల్లోనే ఉంటుంది. దానికి తోడు మంచి ల్యాప్‌టాప్, కలర్ ప్రింట్లు, షూట్‌లు, ఊళ్ల ప్రయాణాలు. ఇవి ప్రాస్పెక్టస్‌లో కనిపించవు. మా క్లాసులో కొందరు అప్పు చేసి ఫైనల్ ప్రాజెక్టు పూర్తి చేశారు. ఇంటర్న్‌షిప్ అదృష్టం మీద ఆధారపడుతుంది. నాకు దొరికిన డిజైనర్ లేబుల్‌లో మొదటి నెలంతా బట్టలు స్టీమ్ చేయడం, ట్యాగులు కట్టడంతోనే సరిపోయింది, స్టైపెండ్ కూడా లేదు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన స్నేహితుల జీతంతో పోల్చుకుంటే తక్కువ. మూడు నాలుగేళ్ల తర్వాత లెక్కలు వచ్చినవాళ్లకు బాగా పెరుగుతుంది. స్టైలింగ్, ఫ్యాషన్ రైటింగ్‌కే వెళ్లినవాళ్లు ఎక్కువ కాలం ఇబ్బంది పడ్డారు. పెద్ద ఉద్యోగాలు బెంగళూరు, గుర్‌గావ్, ముంబైలలోనే ఎక్కువ. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో బ్రాండిక్స్ లాంటి పెద్ద గార్మెంట్ యూనిట్లు ఉన్నా అక్కడ తయారీ వైపు పనే ఎక్కువ.

చేరాలనుకునేవాళ్లు కోర్సు పేరు చూసి ఫీజు కట్టకండి. సిలబస్ తెప్పించుకుని బయింగ్, ప్లానింగ్, రిటైల్ మ్యాథ్స్ ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో చూడండి. పోయినేడు పాసైనవాళ్లు ఏ కంపెనీలో చేరారన్నది సరిపోదు, ఏ పనిలో చేరారో అడగండి. మా అక్క కూతురు ఈ కోర్సు చేస్తానంటే, ముందు శ్రావణమాసం మొత్తం ఒక బట్టల షాపు కౌంటర్‌లో నిలబడమన్నాను. కాళ్లు నొప్పులని రోజూ ఫోన్ చేసేది. నెలాఖరుకు ఏ రంగు చీర ఎందుకు మిగిలిపోయిందో నాకే చెప్పడం మొదలుపెట్టింది. అప్లికేషన్ మేమిద్దరం కలిసే నింపాం.