మలక్కాలో రెండు రాత్రులు, భీమిలిలో ఒక మధ్యాహ్నం

మా పిన్ని కొడుక్కి సింగపూర్‌లో సీటు వచ్చింది. నేను కూడా అక్కడే చదువుతున్నాను. సెలవులకు వైజాగ్ వచ్చిన దగ్గర్నుంచి వాడు రోజూ సాయంత్రం ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చి కూర్చుంటున్నాడు. "అక్కా, శని ఆదివారాల్లో మలేషియా వెళ్ళొచ్చేయొచ్చట కదా?" అని మొదలుపెడితే వంద ప్రశ్నలు. నోటితో చెబితే వాడికి సగం కూడా ఎక్కదు. అందుకని పోయినేడాది నేనూ, నా రూమ్‌మేట్ మదురై అమ్మాయీ మలేషియాలోని పాత రేవు పట్టణం మలక్కా వెళ్ళొచ్చిన సంగతంతా ఇలా రాసిపెడుతున్నాను.

ముందుగా ఒక మాట. సరిహద్దు దాటగానే తగిలే జోహోర్ బారును నేను యాత్ర కింద లెక్కెయ్యను. సింగపూర్ డాలరుకు మలేషియా డబ్బు మూడు రింగిట్లకు పైనే వస్తాయి కాబట్టి అక్కడి పిల్లలంతా జుట్టు కత్తిరించుకోవడానికీ, సరుకులు కొనుక్కోవడానికీ అక్కడికి వెళ్తుంటారు. అది మనం రైతుబజారుకెళ్ళి సంచీ నింపుకొచ్చినట్టే. చూడాలనుకుంటే ఇంకాస్త పైకి, మలక్కా దాకా వెళ్ళాలి. సింగపూర్ నుంచి సుమారు 240 కిలోమీటర్లు. వైజాగ్ నుంచి రాజమండ్రి దాటి తణుకు దాకా అనుకోండి.

వీసా గొడవ లేదు. 2023 డిసెంబరు 1 నుంచి మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు 30 రోజుల వరకు వీసా లేకుండానే మలేషియా వెళ్ళొచ్చు. ఆ వెసులుబాటును 2026 చివరిదాకా పొడిగించారు. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. వెళ్ళే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దానికి పైసా కట్టక్కర్లేదు. ఎవరైనా రుసుము అడిగారంటే మీరు దొంగ సైట్‌లో ఉన్నట్టే. మా క్లాసులో ఒకబ్బాయి అలాగే ముప్పై డాలర్లు కట్టి, రసీదు కూడా దాచుకున్నాడు.

ఇక మేము చేసిన అసలు తప్పు శుక్రవారం సాయంత్రం బయల్దేరడం. ఆ వేళకు సింగపూర్‌లో పనిచేసే మలేషియా వాళ్ళంతా ఇళ్ళకు వెళ్తుంటారు. రెండు దేశాలనూ కలుపుతూ సముద్రానికి అడ్డంగా వేసిన కట్ట రోడ్డు పొడవు కిలోమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. దాన్ని దాటడానికి మాకు రెండున్నర గంటలు పట్టింది. సంక్రాంతికి ముందు రోజు ఆర్టీసీ కాంప్లెక్స్ చూశారుగా, అలా ఉంటుంది. కాకపోతే అక్కడ అందరూ వరసలో నిలబడతారు.

పద్ధతి ఏమిటంటే, సింగపూర్ వైపు బస్సు దిగి స్టాంపు వేయించుకోవాలి, మళ్ళీ బస్సెక్కి కట్ట దాటాలి, అటువైపు సామానంతా పట్టుకుని దిగి ఇంకోసారి వరసలో నిలబడాలి. మా బస్సువాళ్ళు "ఇరవై నిమిషాలు ఆగుతాం" అని టికెట్ మీద సన్నని అక్షరాల్లో వేశారు. మేము చదవలేదు. స్టాంపు వేయించుకుని కిందికి దిగేసరికి బస్సు లేదు. బ్యాగులు మా దగ్గరే ఉన్నాయి కానీ, మదురై అమ్మాయి మెడకు పెట్టుకునే దిండు బస్సులోనే ఉండిపోయింది. అది ఇప్పటికీ మలేషియాలో ఎక్కడో ఊళ్ళు తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ చేస్తే "తర్వాతి బస్సులో చోటుంటే ఎక్కండి" అన్నారు. ఆ తర్వాతి బస్సు రానేలేదు. డబ్బులూ తిరిగి రాలేదు. కాబట్టి ఒరేయ్ తమ్ముడూ, బస్సు నంబరు ఫోటో తీసుకో, సీట్లో కర్చీఫ్ కూడా వదలకు.

చివరికి సిటీ బస్సు పట్టుకుని లార్కిన్ అనే బస్టాండుకి వెళ్ళి, అక్కడ మలక్కాకు వేరే టికెట్లు కొన్నాం. తమాషా ఏమిటంటే సింగపూర్‌లో కొన్నదానికంటే ఇది చాలా తక్కువ పడింది. సీట్లు వరసకు మూడే, కాళ్ళు బారచాపుకునేంత చోటు. మళ్ళీ వెళ్తే నేను ఇలా రెండు ముక్కలుగానే వెళ్తాను, అదీ శనివారం తెల్లవారుజామున ఐదింటికి.

మలక్కా బస్టాండ్ పాత ఊరికి దూరంగా ఉంటుంది. పగలైతే 17వ నంబరు బస్సు వెళ్తుంది. మేము దిగింది రాత్రి ఒంటిగంటన్నరకి కాబట్టి గ్రాబ్‌లో కారు పిలుచుకున్నాం. సింగపూర్‌లో వాడే అదే యాప్ అక్కడా పనిచేస్తుంది.

బస గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రెండు రాత్రులూ రెండు రకాలు. మొదటిది నేను ధర చూసి బుక్ చేసింది. మంచం ఉంది, ఏసీ ఉంది, తువ్వాళ్ళు శుభ్రంగానే ఉన్నాయి, కిటికీ మాత్రం లేదు. తెర ఉంది, దాన్ని పక్కకు లాగితే గోడ! పొద్దున తొమ్మిదైనా అర్ధరాత్రిలాగే ఉంది. పాత ఊళ్ళో చాలా ఇళ్ళు వీధివైపు సన్నగా, లోపలికి రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటాయి. వాటిని గదులుగా విడగొట్టినప్పుడు మధ్యవాటికి కిటికీ పెట్టడానికి చోటుండదు. బుక్ చేసేటప్పుడు "కిటికీ ఉందా" అని అడగాలన్న ఆలోచన నాకు అంతవరకూ రాలేదు.

రెండో రాత్రికి హీరెన్ స్ట్రీట్‌లో ఒక పాత ఇంటికి మారాం. ఇద్దరికీ కలిపి నలభై రింగిట్లు ఎక్కువైంది. లోపల అడుగుపెట్టగానే నాకు అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. అచ్చం మన మండువా లోగిలి. నడిమధ్యన పైకప్పు లేదు, కింద రాతి పలకలు పరిచిన గుంట, చుట్టూ వరండా. ఆ రాత్రి వాన పడింది. నాలుగు వైపుల పెంకుల నుంచి నీళ్ళు ధారగా ఆ గుంటలోకి పడుతుంటే, మేమిద్దరం చెక్క మెట్ల మీద కూర్చుని నా పెట్టెలో మిగిలిన జంతికలు తిన్నాం. ఇంటి పెద్దావిడ చైనీస్. మాకు రాని భాషలో ఏదో అని, గుంట మధ్యలో ఒక కూజా పెట్టి వెళ్ళిపోయింది. నీళ్ళ కోసమో, శకునమో తెలీదు. ఆ నలభై రింగిట్లు వసూలైపోయాయి. ఇవి కాక విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను కట్టాలి. ఆన్‌లైన్ ధరలో ఇది చాలాసార్లు కలవదు, అక్కడికెళ్ళాక చిల్లర అడుగుతారు.

ఊళ్ళో ఏం చూడాలి? పోర్చుగీసువాళ్ళు 1511లో పట్టుకున్న రేవు ఇది, 1641లో డచ్చివాళ్ళు లాక్కున్నారు. ఎర్రరంగు వేసిన డచ్చి భవనాల చౌరస్తాలో అందరూ ఫోటోలు దిగుతారు. 1753లో పూర్తయిన చర్చి అక్కడే ఉంది, లోపలి దూలాలు ఒక్కొక్కటీ ఒకే మానులోంచి తీసినవి. బయట మాత్రం బొమ్మలూ దీపాలూ పెట్టిన రిక్షాలు, వాటిలోంచి చెవులు చిల్లులుపడేలా పాటలు. పది నిమిషాలు చాలు. రిక్షా ఎక్కకండి, ఎందుకంటే ఆ ఊరంతా నడిచేంత దూరమే.

అసలు చూడాల్సింది వెనకాల గుట్ట మీద ఉంది. 1521లో పోర్చుగీసువాళ్ళు కట్టిన చర్చి, ఇప్పుడు గోడలే మిగిలాయి. పైకప్పు లేదు, తలుపు లేదు, టికెట్ లేదు. క్రైస్తవ మతబోధకుడు ఫ్రాన్సిస్ జేవియర్ దేహాన్ని గోవాకు చేర్చకముందు 1553లో కొన్ని నెలలు ఉంచింది ఇక్కడే. లోపల గోడలకు ఆనించి మనిషెత్తు సమాధి రాళ్ళు నిలబెట్టారు. ఒకదాని మీద వేలు పెట్టి రాస్తే అక్షరాల లోతు తెలుస్తుంది. ఓ మూల కవచం గుర్తు, ఇంకో మూల పుర్రె, కింద అడ్డంగా రెండు ఎముకలు. ఎక్కడో చూశానే అనిపించింది. ఆరో తరగతిలో బడివాళ్ళు భీమిలి పిక్నిక్కి తీసుకెళ్ళి చూపించిన డచ్చి సమాధులు!

అప్పుడు ఫోన్ తీసి వెతికాను. భీమిలి, మలక్కా రెండూ ఒకే డచ్చి కంపెనీ రేవులు. రెండూ 1824లో ఇంగ్లీషువాళ్ళతో కుదిరిన ఒకే ఒప్పందంతో చేతులు మారాయి. మన ఊరి పక్కన బీచ్‌కెళ్ళి మొక్కజొన్న పొత్తులు తినొచ్చే చోటుకీ, నేను రెండు సరిహద్దు వరసలు దాటి వచ్చిన చోటుకీ ఒకే కాగితం మీద సంతకాలు పడ్డాయన్నమాట. మదురై అమ్మాయికి ఇది చెబితే "మీ ఊరివాళ్ళకు అన్నిట్లోనూ మీ ఊరే కనిపిస్తుంది" అని నవ్వింది.

మర్నాడు పొద్దున ఇంకొకటి దొరికింది. పాత ఊళ్ళో ఒకే వీధి వెంట వినాయకుడి గుడి, మసీదు, ఇంకొన్ని అడుగులు వేస్తే చైనావాళ్ళ గుడి. వైజాగ్‌లో మన పాత పోస్టాఫీసు దగ్గర కొండల మీద వెంకటేశ్వరస్వామి, దర్గా, రాస్‌హిల్ చర్చి ఉన్నట్టే, కాకపోతే మలక్కాలో ఎక్కే పని లేదు. ఆ మసీదు పేరు కంపుంగ్ క్లింగ్. కంపుంగ్ అంటే పేట. క్లింగ్ అన్నది కళింగ నుంచి వచ్చిన మాట. మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళను అలా పిలిచేవారు, తర్వాత దక్షిణాది వాళ్ళందరికీ అదే పేరైంది. ఇప్పుడు ఆ మాటతో ఎవరినైనా పిలిస్తే తిట్టు కిందే లెక్క, కాబట్టి నోరు జారకండి. వినాయకుడి గుడి 1781 నాటిది. దాన్ని నడిపే మలక్కా చెట్టిలు తరతరాలుగా అక్కడే ఉండి, మలయ్ మాట్లాడుతూ, విభూతి పెట్టుకుని తిరుగుతారు. మదురై అమ్మాయి అరవంలో పలకరిస్తే గుడి దగ్గర ఒక పెద్దాయన మలయ్‌లో జవాబిచ్చాడు. ఇద్దరూ చేతులు జోడించుకుని సరిపెట్టుకున్నారు.

తిండి విషయంలో నా మాట ఎవరికీ నచ్చకపోవచ్చు. అక్కడ చికెన్ రైస్ బాల్స్ చాలా ప్రసిద్ధి, ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డాం. వచ్చినవి అన్నం ముద్దలు. చిన్నప్పుడు అమ్మ వెన్నెల్లో కూర్చోబెట్టి పెట్టినవే, గోరువెచ్చగా, ఉప్పగా. చికెన్ బాగుంది, ముద్దల కోసం నిలబడడం మాత్రం దండగ. చెండోల్ మాత్రం వదలొద్దు. ఐసు పొడి, కొబ్బరి పాలు, ఆకుపచ్చ సేమియాలాంటివి, పైన నల్లటి కొబ్బరి బెల్లం పాకం. పాకంలో కాస్త పొగవాసన ఉంటుంది, తాటిబెల్లం ఎరిగినవాళ్ళకు చప్పున తెలుస్తుంది. శాకాహారులకు ఒక హెచ్చరిక: కూరగాయల వేపుడని రాసి ఉన్నా బెలాచన్ వేస్తారు. అంటే ఎండు రొయ్యల ముద్ద. మదురై అమ్మాయికి రెండు ముద్దలు తిన్నాక అనుమానం వచ్చింది. పూర్ణా మార్కెట్ చుట్టూ తిరిగిన ముక్కు కాబట్టి నాకు ప్లేటు రాగానే తెలిసింది, కానీ అప్పటికి నా నోరు నిండుగా ఉంది. మిగతా పూటలన్నీ ఆమె లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనమే చేసింది. జోంకర్ స్ట్రీట్‌లో రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాల్లోనే. సరుకంతా ఎక్కడైనా దొరికేదే, జనం మాత్రం జగదాంబ సెంటర్‌లో దీపావళి ముందు రోజంత.

శనివారం సాయంత్రం సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టు కట్టిన మసీదు దగ్గరికి వెళ్ళాం. ఆడవాళ్ళకు కప్పుకోవడానికి అంగీ ఇస్తారు. అక్కడి సముద్రానికి అలల్లేవు, పెద్ద చెరువులా ఉంది. మొదట నాకేం నచ్చలేదు. ఏడు దాటాక సూర్యుడు ఎర్రగా కిందికి దిగి నీళ్ళను తాకాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బీచ్ రోడ్డులో సముద్రంలోంచి పైకి రావడమే చూశాను, సముద్రంలోకి దిగడం అదే మొదటిసారి. తిరగేసి చూపిస్తున్నట్టు అనిపించింది.

ఆదివారం పదకొండింటికే బయల్దేరాం కాబట్టి తిరుగు ప్రయాణంలో కట్ట మీద అరగంటే పట్టింది. సాయంత్రం దాకా ఆగితే మళ్ళీ శుక్రవారం కథే. చూయింగ్ గమ్ కొనుక్కుని తేవద్దు, సింగపూర్‌లోకి రానివ్వరు.

ఇదంతా చెప్పాక మా వాడు "అయితే ముందు భీమిలి చూద్దాం" అన్నాడు. నిన్న 900కె ఎక్కి రుషికొండ మీదుగా వెళ్ళాం. సమాధుల గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్ళాడని పక్క కొట్టువాళ్ళు చెప్పారు. మూడున్నర దాకా కూర్చున్నాం, రాలేదు. ఊచల సందులోంచి రాళ్ళకు ఫోటో తీసి మదురై అమ్మాయికి పంపితే "లోపలికి వెళ్ళి తియ్యచ్చుగా" అంది. అక్కడ తలుపే లేదు, ఇక్కడ తాళం ఉంది అని రాసి, మొక్కజొన్న పొత్తు కొనుక్కోవడానికి బీచ్ వైపు నడిచాం.