క్యాంపుకి మడత దోమతెర: అడుగున గుడ్డ ఉన్నదే కొనండి

ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) స్పెషల్ క్యాంపు అంటే ఏడు రోజులు ఊళ్లోనే బస. మాది ఎస్.కోట వైపు కాలేజీ. మొన్న దసరా సెలవుల్లో అనంతగిరి కొండల కింద ఒక గిరిజన గ్రామంలో పెట్టాం. స్కూలుకి సెలవులు కాబట్టి రెండు గదులు మాకిచ్చారు, అమ్మాయిలకొకటి, అబ్బాయిలకొకటి. మంచాల్లేవు. నేల మీద జంపఖానాలు, వాటి మీద ఎవరి దుప్పటి వాళ్లది. ప్రోగ్రాం ఆఫీసర్‌ని నేనే కాబట్టి ఎవరికేమైనా తల్లిదండ్రులు ముందు అడిగేది నన్నే. అందుకే తెచ్చుకోవాల్సిన సామాను చీటీలో దోమతెరని మొదటి వరుసలో రాశాను.

పిల్లలు మూడు రకాలు తెచ్చారు. నాలుగు మూలలా తాళ్లు కట్టే పాతవి, అడుగు లేని మడత తెరలు, అడుగున గుడ్డ కుట్టి జిప్పు ఉన్న మడత తెరలు. నాది మూడో రకం. విజయనగరం గంటస్తంభం దగ్గర 650 చెప్పాడు, బేరమాడితే 550కి ఇచ్చాడు. సింగిల్ సైజు.

తాళ్ల తెరల సంగతి మొదటి రాత్రే తేలిపోయింది. క్లాసు గదిలో మేకులుండవు. ఒక వైపు కిటికీ ఊచలకీ, రెండో వైపు బెంచీలకీ కట్టారు. అర్ధరాత్రి ఒకమ్మాయి బాత్రూంకని లేచి తాడు తన్నుకుంది. బెంచీ కదిలి, వరసగా ఉన్న తెరలన్నీ పడుకున్నవాళ్ల మీద కూలాయి. కేకలు, నవ్వులు, మళ్లీ కట్టుకోవడం, ఈలోపు దోమల పండగ. తెరగా అవేం తక్కువ కాదు. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, ప్రభుత్వం పంచేవి మందు పట్టించిన తెరలు, దోమ వాలితే చస్తుంది. ఇరవై ఉతుకులు, మూడేళ్లు తట్టుకునేలా చేస్తారు వాటిని. ఇంట్లో, మంచం మీద అయితే నేనూ వాటికే ఓటేస్తాను.

మడత తెరకి ఆ బాధ లేదు. సంచీలోంచి తీసి వదిలితే దానంతటదే లేచి నిలబడుతుంది. లోపల స్టీలు తీగ స్ప్రింగులా బిగిసి ఉంటుంది కాబట్టి మొహానికి దూరంగా పట్టుకుని విప్పండి. మడవడం మాత్రం ఒక విద్య. రెండు కొనలూ కలిపి, ఎనిమిది అంకెలా మెలితిప్పి, మోకాలితో నొక్కాలి. మా డిగ్రీ పిల్లలు వీడియోలు చూసి కుస్తీలు పడుతుంటే, వంటకొచ్చిన ఊరావిడ ఒక్కసారి చూసి చుట్టి చేతిలో పెట్టింది.

అడుగు ఉండాలని ఎందుకంటున్నానో అదే ఆవిడ మాటల్లో వినండి. "దోమలొక్కటేనేటి మేడం, నేల మీద పడుకుంటే పురుగూ పుట్రా వత్తాయి." కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కరిచిన చోట నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, తర్వాత ఊపిరి కష్టం. పాము కరిచిందని అనుమానం వచ్చినా, అలాంటి లక్షణాలు కనిపించినా కట్టు కట్టడం, గాటు పెట్టడం లాంటివి మాని నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంచులన్నీ మూసుకున్న తెరలో పడుకుంటే పాము లోపలికి రావడం కష్టం. అడుగు లేనివి కొన్నవాళ్లు అంచుల్ని జంపఖానా కిందికి తోసుకున్నారు కానీ, నిద్రలో దొర్లితే అవి బయటికొచ్చేస్తాయి.

మాకు పాము కనిపించలేదు. తేలు కనిపించింది. ఒక రాత్రి అమ్మాయిల గదిలోంచి "మేడం, టార్చి" అని సన్నగా పిలుపు. వెలుతురు వేస్తే నల్ల తేలు, కొండి పైకెత్తి, ఒక పిల్ల తెర అంచు వెంబడే నడుస్తోంది. మూల దాకా వెళ్లింది, ఆగింది, వెనక్కి తిరిగింది. లోపల ఆ పిల్ల మోకాళ్లు ముడుచుకుని కళ్లార్పకుండా దాన్నే చూస్తోంది. జిప్పు మూసి ఉంది. చీపురుతో, చెప్పుతో దాని పని నేను కానిచ్చాను. మర్నాడు సాయంత్రం అడుగు లేని తెరల వాళ్లంతా పక్కవాళ్ల తెరల్లోకి సర్దుకున్నారు.

ఇక లోపాలు. జిప్పు నాసిరకం. రెండు రోజులకే మూల దగ్గర పట్టేయడం మొదలైంది, కొవ్వొత్తి రుద్దితే కదిలింది. కొనేటప్పుడు షాపులోనే నాలుగైదు సార్లు లాగి చూడండి. లోపల గాలి ఆడదు, కరెంటు పోతే ఉక్క. ఆరడుగుల అబ్బాయిలకి పొడవు చాలదు, కాళ్లు తెరకి ఆనుకుంటాయి. దీనికి మందు ఉండదు కాబట్టి ఆనిన చోట దోమ బయటనుంచే కుట్టేస్తుంది. పొడుగ్గా ఉన్నవాళ్లు ఐమూలగా పడుకున్నారు, లేదా సాక్సులు వేసుకున్నారు. డబుల్ సైజు చవకని ఇద్దరికి కలిపి కొనకండి, ఇద్దరూ తెరకి ఆనుకుంటారు.

దోమతెర ఉంది కదా అని మిగతావి వదిలేయడానికి లేదు. బాత్రూంకి ఇద్దరిద్దరు, టార్చితో, చెప్పులు దులిపి వేసుకుని. ఫోన్ సిగ్నల్ స్కూలు వెనక గట్టు మీద తప్ప రాదు, 108కి చేయాలన్నా గట్టెక్కాల్సిందే. అందుకే పీహెచ్‌సీ నంబరు, సర్పంచి నంబరు, ఊళ్లో ఆటో ఎవరిదో బోర్డు మీద సుద్దతో పెద్దగా రాయించాను. తిరిగొచ్చాక కూడా పిల్లలకి ఒకటే చెప్పాను. రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే వైరల్ అనుకుని మాత్ర మింగేయకండి, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.

అడుగు ఉన్నదానికి ఐదుకి నాలుగు, ఆ ఒక్క మార్కూ జిప్పు తినేసింది. అడుగు లేనిదానికి, నేల మీద పడుకునేవాళ్లకైతే, రెండు కూడా ఎక్కువే. రెండింటికీ తేడా నూరు రూపాయల లోపు.