ఒక ఎన్నికకు రెండు ఓట్లు: 2008 టెక్సాస్ ప్రైమరీ మీద నా రివ్యూ

టెక్సాస్‌లో డెమొక్రటిక్ ప్రైమరీకి, అంటే అధ్యక్ష పదవికి ఆ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నికకి, రెండుసార్లు వెళ్లాలని ఈ 2008 ఫిబ్రవరి దాకా నాకు తెలియదు. కిందటేడు సిటిజెన్‌షిప్ ప్రమాణం చేసి బయటికి వస్తుంటే, టేబుల్ వేసుకుని కూర్చున్న వాలంటీర్లు ఓటరు ఫారం చేతిలో పెట్టారు. అక్కడే నింపి ఇచ్చేశాను. కొన్ని వారాలకు కార్డు పోస్టులో వచ్చింది. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను, అంతే. పాలిటిక్స్ రోజూ ఫాలో అయ్యే అలవాటు నాకు లేదు. ఇదే నా మొదటి ఓటు.

మన టెక్సాస్ దాకా పోటీ రాదని, మార్చి 4 నాటికి ఎవరో ఒకరు ఖాయమైపోతారని ఆఫీసులో అందరూ అన్నారు. జనవరి 3న అయోవాలో ఒబామా గెలిచాడు. ఐదు రోజులు తిరక్కుండానే న్యూ హ్యాంప్‌షైర్‌లో హిల్లరీ గెలిచింది. ఫిబ్రవరి 5న ఇరవైకి పైగా రాష్ట్రాలు ఒకేసారి ఓటు వేసినా తేలలేదు. పార్టీ అభ్యర్థిగా నిలవాలంటే 2,025 మంది డెలిగేట్లు (అభ్యర్థిని ఎన్నుకునే పార్టీ ప్రతినిధులు) కావాలి, ఇద్దరూ ఆ అంకెకు దూరంగానే ఉన్నారు. ఎవరూ లెక్కలోకి తీసుకోని మా రాష్ట్రానికి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్‌లో పప్పు తూయించుకుంటుంటే కూడా ఇదే మాట.

ఎవరికి వేయాలో నేను చివరిదాకా తేల్చుకోలేదు. ఫిబ్రవరి 21న ఆస్టిన్‌లో ఇద్దరి డిబేట్ జరిగింది. మా పై ఫ్లోర్‌లో ఉండే అక్కతో కలిసి చూశాను. అక్కది గుంటూరు, ఇక్కడ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు. ఆమె మొదటి నుంచీ హిల్లరీ వైపే. "ఇన్సూరెన్స్ లేక జబ్బు ముదరబెట్టుకుని వచ్చేవాళ్లని నేను రోజూ చూస్తున్నా. అందరికీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అని ఆవిడ ఒక్కతే అంటోంది. ఆయన పిల్లల వరకే తప్పనిసరి అంటున్నాడు. నువ్వే చెప్పు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ 2002లో ఇరాక్ యుద్ధానికి సెనేట్‌లో హిల్లరీ సరే అని ఓటు వేసింది. అప్పటికి ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న ఒబామా ఆ యుద్ధం వద్దని బహిరంగంగా చెప్పాడు. మా ఆఫీసులో రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ కొడుకు ఇప్పుడు రెండోసారి ఇరాక్ వెళ్లాడు. ఆవిడ ఫోన్ మోగిన ప్రతిసారీ తుళ్లిపడటం నేను చూస్తున్నాను. నా మనసు అటు మొగ్గింది.

ఇక రివ్యూకి వస్తాను. మొదటి సగం, ఎర్లీ ఓటింగ్: ఐదుకి ఐదు స్టార్లు.

ఫిబ్రవరి 19 నుంచి 29 దాకా కౌంటీలో ఏ ఎర్లీ ఓటింగ్ కేంద్రానికైనా వెళ్లొచ్చు. మన పేటలోదే కావాలని లేదు. నేను ఆఫీసుకి దగ్గర్లో ఉన్న కేంద్రానికి 26వ తేదీ లంచ్ టైమ్‌లో వెళ్లాను. లైను తలుపు దాటి బయటికి వచ్చింది కానీ ఆగకుండా కదిలింది. ఇరవై ఐదు నిమిషాల్లో నా వంతు వచ్చింది. కార్డు ఇచ్చాను. టేబుల్ దగ్గర ఉన్న పెద్దావిడ తల ఎత్తి, "డెమొక్రటా, రిపబ్లికనా?" అని అందరికీ వినబడేలా అడిగింది. నాకు గొంతు పట్టేసింది. మా తాతయ్య తెనాలిలో ప్రతి ఎన్నికకూ పంచె ఇస్త్రీ చేయించుకుని వెళ్లి ఓటు వేసి వచ్చేవాడు. ఎవరికి వేశాడో మా అమ్మమ్మకి కూడా చెప్పేవాడు కాదు. ఇక్కడేమో టేబుల్ దగ్గరే అడుగుతున్నారు. టెక్సాస్‌లో ముందే ఏ పార్టీలోనూ నమోదు చేసుకోనక్కర్లేదు కాబట్టి, ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడ చెప్పాల్సిందేనట. చెప్పాను. కార్డు మీద పార్టీ పేరుతో ఒక ముద్ర కొట్టి తిరిగి ఇచ్చింది. ఆ ముద్ర ఎందుకో తర్వాత తెలిసింది, అందుకే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

లోపల టచ్ స్క్రీన్. అధ్యక్ష పదవికి ఆరు పేర్లు ఉన్నాయి. తప్పుకున్న ఎడ్వర్డ్స్, బైడెన్, రిచర్డ్‌సన్, డాడ్ పేర్లు కూడా అలాగే ఉన్నాయి. నేను ఒబామా పేరు మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. ఆ తర్వాత జడ్జీ పదవులకి పోటీ చేసేవాళ్ల జాబితా తెరలు తెరలుగా వచ్చింది. వాళ్లలో ఎవరూ నాకు తెలియదు. తెలియని చోట ఖాళీగా వదిలేయొచ్చు, మెషిన్ ఏమీ అనదు. అన్నీ అయ్యాక చివర్లో ఒకసారి మొత్తం చూపించి, సరేనా అని అడుగుతుంది. తొందరపెట్టేవాళ్లు లేరు. మన దగ్గర ఓటు వేస్తే వేలికి సిరా ఉంటుంది, ఇక్కడ చొక్కాకి అంటించుకునే స్టిక్కర్ ఇచ్చారు. కారులో కూర్చున్నాక కాసేపు స్టార్ట్ చేయబుద్ధి కాలేదు. పద్నాలుగేళ్లు ఈ దేశంలో పన్నులు కట్టాను. ఏదైనా అడగడం మాత్రం ఇదే మొదటిసారి.

రెండో సగం, రాత్రి మీటింగ్: ఐదుకి రెండు.

దీన్ని ప్రిసింక్ట్ కన్వెన్షన్ అంటారు (ప్రిసింక్ట్ అంటే ఒక పోలింగ్ కేంద్రం కింద వచ్చే పేట), జనం కాకస్ అంటున్నారు. బూత్‌లో ఓటు, రాత్రి మీటింగ్ రెండూ కలిపి 'టెక్సాస్ టూ-స్టెప్' అని పిలుచుకుంటారు, అది ఇక్కడి ఒక డ్యాన్సు పేరు. ఈ 2008 ప్రైమరీలో రాష్ట్రం నుంచి అభ్యర్థుల మధ్య పంచే డెలిగేట్లు మొత్తం 193 మంది. అందులో 126 మంది మనం బూత్‌లో వేసిన ఓటుని బట్టి పంచబడతారు. మిగతా 67 మంది ఆ రాత్రి మీటింగ్‌కి ఎవరెవరు వచ్చారన్నదాన్ని బట్టి. అంటే మూడో వంతు. ప్రైమరీలో ఓటు వేసినవాళ్లకే మీటింగ్‌లోకి ప్రవేశం, కార్డు మీద ముద్ర అందుకే.

మార్చి 4న పోలింగ్ ఏడు గంటలకి ముగుస్తుంది, ఏడుంపావుకి మీటింగ్ అన్నారు. మా ప్రిసింక్ట్‌కి ఒక స్కూలు క్యాంటీన్ కేటాయించారు. నేను ఏడింటికి వెళ్లేసరికి ఓటు వేసేవాళ్ల లైనే ఇంకా బయట ఉంది. ఆఖరి ఓటరు వేసేదాకా మీటింగ్ మొదలుపెట్టకూడదని రూలు. ఎనిమిదిన్నర అయింది. చిన్నపిల్లల కోసం చేసిన పొట్టి బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు మడుచుకుని కూర్చున్నారు, కూర్చోలేనివాళ్లు గోడకి ఆనుకున్నారు. కిందటిసారి ఇరవై మంది కూడా రాలేదట, ఈసారి 287 మంది వచ్చారు. సంతకాల కాగితాలు ఒక్క టేబుల్ మీదే పెట్టారు. నడిపించిన ఆయన వాలంటీరు, పగలంతా ఏదో ఉద్యోగం చేసి వచ్చిన మనిషి, గొంతు పోయేదాకా అరిచి చెప్పాడు. ఆయన్ని తప్పుపట్టను. అంత జనాన్ని ఊహించకుండా ఏర్పాట్లు చేసినవాళ్లదే తప్పు.

నా వంతు వచ్చేసరికి టేబుల్ మీద పెన్ను రాయడం మానేసింది. నా వెనక ఉన్న నల్లజాతి పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటుంది, పర్సులోంచి తన పెన్ను తీసి ఇచ్చింది. పేరు, అడ్రసు, ఓటరు నంబరు, చివరి గడిలో ఎవరికి మద్దతో రాయాలి. పైనున్న పేర్లన్నీ కనిపిస్తున్నాయి, ఎవరు ఎవరివైపో కూడా. నాకు మూడు వరసల పైన మా పిల్లాడి స్నేహితుడి నాన్న పేరు, పక్కన హిల్లరీ. ఇదంతా దాచుకోకుండా రాయడం నాకు కొత్త, ఇబ్బంది కూడా. పెద్దావిడకి పెన్ను తిరిగి ఇచ్చాను. ఆవిడ ఒబామా అనే ఐదక్షరాలనీ పెద్ద పెద్దగా, ఒక్కొక్కటీ విడివిడిగా రాసింది. రాశాక కాగితం మీద చెయ్యి అలాగే ఉంచింది. వెనకనుంచి ఎవరూ తొందరపెట్టలేదు.

సంతకం పెట్టాక వెళ్లిపోవచ్చు, అది లెక్కలోకి వచ్చేసినట్టే. ఈ ఒక్క ముక్క ముందే మైకులో చెప్పి ఉంటే చంకలో నిద్రపోతున్న పిల్లలతో నిలబడ్డ తల్లులు తొమ్మిదింటికే ఇళ్లకి వెళ్లేవారు. తర్వాత ఉన్నది మా ప్రిసింక్ట్ తరఫున పై మెట్టు మీటింగ్‌కి వెళ్లే డెలిగేట్ల ఎంపిక. 2006లో గవర్నర్ ఎన్నికలో డెమొక్రాట్‌కి పడిన ప్రతి 15 ఓట్లకి ఒక డెలిగేట్ చొప్పున మా ప్రిసింక్ట్‌కి ఇరవై మంది. సంతకాలు లెక్కపెడితే ఒబామాకి 171, హిల్లరీకి 116. అంటే పన్నెండు, ఎనిమిది. రెండు గుంపులూ క్యాంటీన్‌లో చెరో మూలకి వెళ్లి ఎంచుకున్నాం. అయ్యేసరికి పదీ నలభై.

ఆ 287లో అక్క లేదు. ఆమె డ్యూటీ రాత్రి ఏడింటికి మొదలవుతుంది. సెలవు అడిగితే దొరకలేదు. పార్టీ ఆఫీసుకి ఫోన్ చేసి, ఉత్తరం ద్వారానో ఇంకొకరి ద్వారానో పంపొచ్చా అని అడిగింది. కుదరదన్నారు, స్వయంగా రావాల్సిందే. నేను స్టిక్కర్ పెట్టుకున్న వారంలోనే ఆమె కూడా ఓటు వేసింది. ఆ ఓటు ఒక సగంలోనే లెక్కకి వచ్చింది, నాది రెండింటిలోనూ వచ్చింది. ఇద్దరం ఒకే మెట్లు ఎక్కి దిగేవాళ్లం.

రాష్ట్రం మొత్తం మీద 28 లక్షల మందికి పైగా డెమొక్రటిక్ ప్రైమరీలో ఓటు వేశారు. 2004లో తొమ్మిది లక్షల మంది కూడా వేయలేదు. హిల్లరీకి దాదాపు 51 శాతం, ఒబామాకి 47, తేడా సుమారు లక్ష ఓట్లు. బూత్ ఓట్ల డెలిగేట్లు ఆమెకి 65, ఆయనకి 61. రాత్రి మీటింగుల లెక్క మాత్రం 41 శాతం ప్రిసింక్ట్‌ల దగ్గర ఆగింది, అక్కడికి ఒబామా 56, హిల్లరీ 44. ఇదే నిష్పత్తి నిలిస్తే, ఎక్కువ మంది ఓటు వేసింది ఆమెకి, ఎక్కువ డెలిగేట్లు దక్కేది ఆయనకి. నేను ఓటు వేసిన మనిషికే లాభం. అయినా ఇది సరైన పద్ధతి అని నేను అనలేను. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, పిల్లల్ని వదిలిరాలేనివాళ్లు, వీల్‌ఛైర్‌లో ఉన్నవాళ్లు, అక్కలాంటివాళ్లు ఎంతమంది బయటే ఉండిపోయారో ఎవరి లెక్కలోనూ లేదు. ఒకరు ఇరవై శాతంతో గెలిచే ఎన్నికలో ఇది పెద్దగా తెలియదు. ఇలా నువ్వా నేనా అన్నప్పుడు తెలుస్తుంది.

మరి రెండు స్టార్లు కూడా ఎందుకంటే, ఆ క్యాంటీన్‌లో నేను మూడు గంటల్లో కలిసినంతమంది పక్కింటివాళ్లని ఏడేళ్లలో కలవలేదు. ఎదురు గుంపులో ఉన్న పిల్లాడి స్నేహితుడి నాన్న చివర్లో వచ్చి చెయ్యి కలిపి, కుర్చీలు సర్దుతావా అని అడిగాడు, ఇద్దరం కలిసి సర్దాం. ఇలాంటి మీటింగ్ ఉంచుకోవచ్చు, పార్టీ పనులు మాట్లాడుకోవచ్చు. డెలిగేట్లు మాత్రం ఓటు మీదే పోవాలి.

ఇంకో రాష్ట్రంలో కాకస్‌కి వెళ్లబోయే తెలుగువాళ్లు ఎవరైనా చదువుతుంటే: కార్డు మర్చిపోకండి, పెన్ను తీసుకెళ్లండి, పిల్లలకి ఏదైనా తినడానికి పెట్టుకోండి, సంతకం చేశాక ఉండాలా వద్దా అని అడిగి తెలుసుకోండి. నైట్ డ్యూటీ ఉంటే సెలవు నెల ముందే అడగండి.

నన్ను ఆల్టర్నేట్‌గా ఎన్నుకున్నారు. అంటే మా పన్నెండు మందిలో ఎవరైనా రాకపోతే వాళ్ల బదులు నేను. మార్చి 29 శనివారం ఆ పై మెట్టు మీటింగ్, సెనేట్ డిస్ట్రిక్ట్ కన్వెన్షన్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంటున్నారు. అక్కకి ఆ రోజు డ్యూటీ లేదు. "అక్కడ ఓటు వేసే హక్కు లేకపోయినా వచ్చి చూడొచ్చా?" అని అడిగింది. గెస్టులని రానిస్తారో లేదో కనుక్కుంటానన్నాను. రేపు ఫోన్ చేయాలి.