స్కౌట్ శిబిరాలు: ముప్పై అయిదేళ్ల వాడకం తర్వాత

మా ఊరు ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. 1989లో, ఏడో తరగతిలో స్కౌట్లలో చేరాను. దేశసేవ కోసం కాదు, శనివారం లెక్కల తరగతి తప్పుతుందని. స్కౌట్ల రాష్ట్రస్థాయి అవార్డు రాజ్య పురస్కార్ దాకా వెళ్లి అక్కడ ఆగాను. తర్వాత సెలవులు దొరికినప్పుడల్లా శిబిరాలకు సాయం వెళుతున్నాను. ఇప్పుడు మా అమ్మాయి గైడ్, అంటే ఆడపిల్లల స్కౌట్. పిల్లల్ని చేర్చమంటారా అని వీధిలో ఎవరో ఒకరు ఏటా అడుగుతారు. నా జవాబు ఒకటే: చేర్చండి, సర్టిఫికెట్ కోసం కాదు, వంట కోసం.

నవ్వుతారని తెలుసు. నా మొదటి శిబిరం మహేంద్రతనయ నది ఒడ్డున, మూడు రాత్రులు. స్కౌట్లలో ఆరుగురో ఎనిమిదిమందో పిల్లలు ఒక పట్రోల్, అంటే జట్టు, వాళ్లలోనే ఒకడు నాయకుడు. మా జట్టులో నలుగురం తెలుగువాళ్లం, ముగ్గురు ఒడియా పిల్లలు, ఒక సవర కుర్రాడు. బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ, అరటికాయలు ఇచ్చి మాస్టారు చెట్టుకింద కూర్చున్నారు. పప్పులో కూరలన్నీ వేసి దాల్మా చేద్దామని ఒడియా పిల్లలు, చింతపండు పడనిదే ముద్ద దిగదని మేము. వాదన తేలేలోపు పొయ్యి ఆరిపోయింది. సవర కుర్రాడు మాట్లాడకుండా రాళ్లు గాలికి అడ్డంగా జరిపి మళ్లీ మంట రాజేశాడు. చివరికి తయారైంది దాల్మా కాదు, పప్పుచారూ కాదు. గిన్నె మాత్రం ఖాళీ అయింది. ఆదేశాలు హిందీలో, ఉపన్యాసాలు ఒడియాలో, తిట్లు తెలుగులో. మూడోరోజుకి మాస్టారు పిలిస్తే నా నోట కూడా, మనం "అండీ" అన్నట్టు, ఒడియా "ఆజ్ఞా" అనే వచ్చింది. బడిలో రెండేళ్లు చదివినా నాలుక తిరగని ఒడియా అక్కడ అంట్లు తోముతూ వచ్చేసింది.

చరిత్ర నెగడు దగ్గర విన్నదే. 1907లో, స్కౌట్లకు ఆద్యుడు బేడెన్ పావెల్ ఇరవై మంది పిల్లలతో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో వారం రోజులు గుడారాలు వేశాడు. 1909కల్లా బెంగళూరులో దళం ఏర్పడింది, కాని అందులో దొరల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్లకు మాత్రమే చోటు. మన పిల్లల కోసం మద్రాసులో అనీ బిసెంట్, ఆమె సహచరుడు అరండేల్, అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ వాజపేయి వేరే సంఘాలు పెట్టుకోవలసి వచ్చింది. ఈ ముక్క చెప్పేటప్పుడు మా మాస్టారు గొంతు పెంచేవారు. అప్పట్లో మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక మా గుమ్మం అటు తిరిగింది. అందుకే నా స్కౌట్ కాగితాలు భువనేశ్వర్ వెళ్లేవి, సరిహద్దు అవతల పాతపట్నంలో మా మేనత్త కొడుకు కాగితాలు హైదరాబాదు వెళ్లేవి. సంఘాలన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అయింది 1950 నవంబరు 7న, గైడ్లు వచ్చి చేరింది మరుసటి ఏడాది ఆగస్టు 15న. నవంబరు 7న జెండా బిళ్లలు అమ్మడానికి ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. ఇప్పుడు మా అమ్మాయి మొదటి బిళ్ల నాకే అంటగడుతోంది.

నేర్చుకున్నవాటిలో ఏది మన్నింది? ముడులు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ముందురోజు సాయంత్రం మా పశువులశాల రేకులకు నేనొక వైపు, మా బావమరిది ఇంకో వైపు తాళ్లు కట్టాం. నేను క్లోవ్ హిచ్ వేసి, దానిమీద రెండు హాఫ్ హిచ్‌లు బిగించాను. తెల్లారి చూస్తే నా వైపు రేకులు ఉన్నాయి, అతని వైపువి పక్కవీధిలో దొరికాయి. గాలి అటునుంచే వీచిందని అతనిప్పటికీ వాదిస్తాడు. షీప్‌షాంక్ ముడి మాత్రం పరీక్షలో తప్ప ఇంకెక్కడా నాకు పనికిరాలేదు. జెండాలు ఊపి అక్షరాలు పంపే విద్యా అంతే. దిక్సూచి ఒకే ఒక్కసారి అక్కరకొచ్చింది, 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద పొగమంచు కమ్మినప్పుడు. ఆ ఒక్కసారికే దాని రుణం తీరిపోయింది.

గుడారాల సంగతి. పాత కాన్వాసువి తడిస్తే నలుగురు మోయాలి, కాని ఎండలో ప్రాణం నిలుస్తుంది. ఇప్పటి నైలానువి చంకన పెట్టుకుపోవచ్చు, కాకపోతే ఏప్రిల్‌లో అందులో పడుకోవడం ఇడ్లీపాత్రలో పడుకోవడమే.

మరుగుదొడ్డి గుంత ఎక్కడ తవ్వాలన్నది శిబిరంలో అతి పెద్ద నిర్ణయం. ఒకసారి ఆ బాధ్యత నాదే. పగటి గాలి చూసి చోటు ఎంచాను. రాత్రికి గాలి తిరిగింది. రెండు రాత్రులు నలభై మంది పిల్లలు నన్ను తలచుకున్నారు.

ఇక అసంతృప్తి. ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, ఆపైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు: ఈ మెట్లు పిల్లవాణ్ణి ఎక్కించడానికి పెట్టినవి. ఇప్పుడు చాలామంది ఫైళ్లు ఎక్కిస్తున్నారు. ముడుల బొమ్మలు అందంగా అతికించిన పుస్తకం తెచ్చిన పిల్లవాడి చేతికి తాడిస్తే బిక్కమొహం వేస్తాడు. ఈమధ్య చూసిన ఒక శిబిరంలో బడి వరండాలోనే పడక, బయటినుంచి వచ్చిన భోజనం ప్లాస్టిక్ పళ్లాల్లో. పిల్లలు సుఖంగా ఉన్నారు, నిజమే. పొయ్యి రాజేయకుండానే ఇంటికి వెళ్లిపోయారు.

కాబట్టి డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. వంట ఎవరు చేస్తారు? నీళ్లు ఎక్కడినుంచి? ఆడపిల్లలైతే రాత్రి వాళ్లను చూసుకునే పెద్దావిడ, గైడ్ కెప్టెన్, అక్కడే ఉంటారా? మొదటిదానికి "పిల్లలే" అన్న జవాబు వస్తే, మిగతా రెండూ సరిగ్గా ఉంటే, నిశ్చింతగా పంపండి. స్కార్ఫు నలిగినా ఫరవాలేదు.

మొన్న డిసెంబరులో మా అమ్మాయి శిబిరానికి సంచి సర్దుకుంటోంది. విజిల్, తాడు, టార్చి, దుప్పటి. అన్నిటికన్నా అడుగున, కాగితంలో చుట్టి, గుప్పెడు చింతపండు.