శబ్దాలంకారాల తరగతి: చెవితో నేర్చుకొనే పాఠం

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో పద్యప్రియులు పెద్దల కోసం నడుపుతున్న సాయంకాలపు తరగతిలో, మాటల ధ్వనితో పద్యానికి అందం తెచ్చే శబ్దాలంకారాలను నిర్వచనాలతో మొదలుపెట్టక, ముందుగా పద్యాన్ని గొంతెత్తి చదివించడం నాకు ఎంతో నచ్చింది. ‘తీరానికి తరంగాలు తెరలు తెరలుగా తరలివచ్చె’ అన్నప్పుడు త, ర అక్షరాలు పదేపదే వినిపించడాన్ని చెవి పట్టుకున్న తరువాతే వృత్త్యనుప్రాస అన్న పేరు చెబుతారు. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వ అక్షరం పాదంలోని మొదటి అక్షరంతో యతి (ధ్వనిలో పొత్తు) కుదరాలనీ, నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరంలో ఒకే హల్లు నిలవడమే ప్రాస అనీ, ఆయా చోట్ల ఆగి ఆగి చదువుతూ చూపించిన తీరు అభినందనీయం. యమకానికి మాత్రం మరింత సమయం కేటాయించవలసింది; ఒకే అక్షరసముదాయం అర్థభేదంతో తిరిగి వచ్చే ఆ అలంకారానికి రెండు ఉదాహరణలు చాలవు.